డ్రాగన్ సంగతి తెలిసింది కన్నా

చి. కన్నాకి,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి మోకాలు ఇప్పుడు ఫరవాలేదు, మెట్లు దిగేటప్పుడు తప్ప నొప్పి అనడం లేదు. పెద్దత్త వాళ్ళ గొడవ ఒక కొలిక్కి వచ్చింది, ఆ ట్రంకుపెట్టె చివరికి బాబాయి దగ్గరికే చేరింది. నువ్వు మాత్రం ఎవరి దగ్గరా ఆ ఊసు ఎత్తకు.

బల్ల మీద ఆటలకి వాడే ఆ బుల్లి బొమ్మలకి రంగులు వేసి, నువ్వు ఆదివారం ఫోటో పంపి పదకొండు వారాలైంది. ఫోన్ చేస్తే "ఏం లేదమ్మా, పని ఎక్కువగా ఉంది" అంటావు, అక్కడితో మాట తెగిపోతుంది. అందుకే రాస్తున్నాను. ఇదివరకు ఎంత పని ఉన్నా ఆదివారం సాయంత్రానికి ఏదో ఒకటి వచ్చేది. ఒకసారి గొడ్డలి పట్టుకున్న మరుగుజ్జు డ్వార్ఫ్, ఒకసారి సగం రంగు పడ్డ మంత్రగాడు, ఏమీ లేనప్పుడు బొమ్మ నిలబెట్టే ఉత్త బేస్ మీద అంటించిన గడ్డి. గడ్డి ఫోటో కూడా నాన్నగారికి చూపించేదాన్ని.

మొన్న చిట్టి వచ్చి రెండు రోజులుంది. మాటల్లో చెప్పింది, నువ్వు డ్రాగన్‌ని ఆల్కహాల్ డబ్బాలో ముంచి రంగంతా ఊడబెరికావని. దాని మీద కోప్పడకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. నాలుగు నెలలు కూర్చుని వేశావు కదరా దాన్ని. సరే, బొమ్మ నీది, నీ ఇష్టం. నేను రాయాలనుకున్నది వేరే.

ముందు ఈ ఆల్కహాల్ సంగతి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఊరికే చేతులు కడుక్కునే నీళ్ళలాంటిది కాదు. కిటికీ తెరిచి పెట్టుకో. గ్లవ్స్ వేసుకో, చర్మం పగిలిపోతుంది. దగ్గర్లో మంట ఉండకూడదు, దాని ఆవిరికి కూడా అంటుకుంటుంది. పైగా డ్రాగన్ రెసిన్‌ది. ప్లాస్టిక్, మెటల్ తట్టుకున్నట్టు రెసిన్ తట్టుకోదని, ఎక్కువసేపు నానితే మెత్తబడొచ్చని, ముందు ఎక్కడైనా చిన్న ముక్క మీద చూసుకోవాలని నువ్వే నాకు చెప్పావు. చూసుకున్నావా? రెక్కల అంచులు ఎలా ఉన్నాయి? రెసిన్‌ని ఉప్పుకాగితంతో రుద్దేటప్పుడు తడిపి రుద్దు, మాస్క్ పెట్టుకో. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు.

బ్రష్ కొన నోట్లో పెట్టుకోవడం మానేశావా లేదా? నీళ్ళ రంగులే కదమ్మా అంటావు. నీళ్ళలో కలిసినంత మాత్రాన అందులో వేసిన పిగ్మెంట్ తినేది అయిపోదు. కొన్నిటిలో కాడ్మియం ఉంటుందని సీసా మీదే రాసి ఉంటుంది. అమెరికాలో 1917 నుంచి గడియారాల ముళ్ళకీ అంకెలకీ చీకట్లో మెరిసే రేడియం రంగు వేయడానికి ఆడపిల్లల్ని పెట్టుకున్నారు. సన్నటి గీత రావాలంటే బ్రష్ కొన పెదాలతో తీర్చుకోమని వాళ్ళకి నేర్పించారు. ఎంతమందికి దవడ ఎముకలు కుళ్ళిపోయాయో, ఎంతమంది చనిపోయారో. నీ రంగుల్లో రేడియం లేదు, నాకు తెలుసు. కానీ అలవాటు అదే అలవాటు. తడి గుడ్డ మీద తిప్పితే కొన రాదా? కోలిన్‌స్కీ అనే జంతువు వెంట్రుకల బ్రష్ అయితే ఇంకా తేలిగ్గా వస్తుంది. 1866లో విక్టోరియా రాణి కోసం చేసిన సిరీస్ 7 బ్రష్ గురించి నాకు గంటసేపు చెప్పిన నువ్వు, ఆ బ్రష్‌ని ఎంగిలి చేస్తావేమిట్రా?

కళ్ళు ఎలా ఉన్నాయి? ఇరవై నిమిషాలకోసారి తలెత్తి దూరంగా ఉన్నదేదైనా చూడు. రాత్రి రెండు గంటలకు వెలుగు పడేచోట లేత రంగుతో వేసిన హైలైట్ పొద్దున చూస్తే సున్నం కొట్టినట్టుంటుందని నువ్వే విసుక్కునేవాడివి. వేళకు తిని పడుకో.

నీకు గుర్తుందా, ఆ నల్లంగీ మంత్రగాడు? ముసురు పట్టిన రోజు, వద్దంటే వినకుండా మెరుపు లేని మాట్ వార్నిష్ స్ప్రే చేశావు. పొద్దున్నే చూస్తే అంగీ అంతా బూడిద పూసినట్టు తెల్లగా అయిపోయింది. గాల్లో తేమ ఉంటే అలా అవుతుందని అప్పుడు మనకు తెలియదు. నువ్వు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆఖరికి మీ బొమ్మల వాళ్ళలోనే ఎవరో, దాని మీద పల్చగా మెరిసే గ్లాసీ వార్నిష్ వేసి చూడు అన్నారు. వేశావు. వంటగదిలోకి పరిగెత్తుకొచ్చి "అమ్మా, నలుపు తిరిగొచ్చింది" అన్నావు. ఆ ముఖం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఎవరని అడిగితే తెలియదన్నావు. ముక్కూ మొహం తెలియని మనిషి చెప్పిన ఒక్క మాటతో నీ మంత్రగాడు బతికాడు.

ఇప్పుడు ఆ బొమ్మల వాళ్ళే డ్రాగన్‌ని ఏదో అన్నారని చిట్టి చెప్పింది. నోటి మంట వెలుగు మెడ మీద పడ్డట్టు లేదని, ఎవరో మెడకు నారింజ రంగు అంటించినట్టుందని. అంతేనా, ఇంకేమైనా అన్నారా? నాకు ఆ మెడ బాగానే కనిపించింది. కానీ నా "బాగుంది"కి విలువ లేదని నాకు తెలుసు. నువ్వు ఏం పంపినా బాగుందనే అన్నాను. ముప్పై ఏళ్ళు ఎర్ర పెన్ను పట్టుకుని పిల్లల కాంపోజిషన్లు దిద్దినదాన్ని, నీ బొమ్మల దగ్గరకొచ్చేసరికి దిద్దడానికి చెయ్యి రాలేదు. అది నీకు మేలు చేయలేదేమో అని ఈ మధ్య అనిపిస్తోంది.

నిజంగా దిద్దడం అంటే ఏమిటో నేను చూసింది ఒక్కసారే. నీకు పదిహేనేళ్ళు. బొమ్మల వాళ్ళందరూ కలుస్తున్నారు, నన్ను దింపమ్మా అన్నావు. దింపి వెళ్ళిపోదామనుకున్నాను కానీ నీ చేతులు వణుకుతున్నాయి, అందుకని వెనక కుర్చీలో కూర్చుండిపోయాను. ఎర్ర దుప్పటీ కప్పుకున్న గుర్రపు యోధుడు, మూడు వారాల పని. డబ్బాలో స్పాంజి కోసి, వాడి ఆకారంలో గుంట చేసి, అందులో పడుకోబెట్టి తెచ్చావు. నీకంటే రెండేళ్ళు పెద్దవాడు ఒకడు వంగి చూసి, "రంగు మందంగా ఉంది, పల్చన చేసుకో" అనేసి పక్క బల్లకు వెళ్ళిపోయాడు. నీ చెవులు ఎర్రబడ్డాయి. లేచి వెళ్ళిపోదామా అని నా వంక చూశావు. నేను లేవబోయాను కూడా.

అప్పుడు ఆ తెల్లజుట్టు ఆవిడ వచ్చింది. బొమ్మని చేత్తో ముట్టుకోలేదు, కింద అంటించిన కార్కు పట్టుకుని ఎత్తింది. ముందు చెయ్యి బారున చాచి చూసింది. ఆటలో బల్ల మీద కనపడేది ఇంత దూరం నుంచే కదా అంది. తర్వాత దగ్గరకు తెచ్చుకుంది. తలకిందులు చేసింది. గుర్రం పొట్ట కింద కూడా చూసింది. అంతసేపూ ఒక్క మాట లేదు, నాకే టెన్షన్‌గా ఉంది. ఆఖరికి, "ఇతని మీద వెలుగు ఎటువైపు నుంచి పడుతోంది?" అని అడిగింది. నీ దగ్గర జవాబు లేదు. ఆవిడ ఏమీ అనలేదు. తన సంచీలోంచి, రంగుకి ముందు వేసే ప్రైమర్ పూత మాత్రమే కొట్టి ఉన్న వేరే బొమ్మ తీసి బల్ల మీద పెట్టింది. గదిలో లైటు ఆర్పించి, బల్ల దీపాన్ని దాని నెత్తి మీదకి తెచ్చి, ఫోటో తియ్యమంది. తీశావు. భుజాలు, టోపీ అంచు, మోకాలి చిప్ప తెల్లగా వెలిగాయి. చంక కింద, దుప్పటీ మడతల్లో చీకటి. "ఇందులో తెల్లగా ఉన్నచోట నీ ఎరుపుని లేత చెయ్యి. నల్లగా ఉన్నచోట ముదర చెయ్యి. ఇవాళ్టికి ఇదొక్కటే" అంది. వెళ్ళబోతూ, గుర్రం కళ్ళెం మీద నువ్వు లాగిన గీతని గోటితో చూపించి, "ఇంత సన్నటి గీత నాకు రావడానికి ఐదేళ్ళు పట్టింది" అంది. నువ్వు నవ్వావు.

నీకు తెలియని ముక్క ఒకటుంది. నువ్వు డబ్బా సర్దుకుంటుంటే నేను ఆవిడ వెనకాలే వెళ్ళి అడిగాను, రంగు మందంగా ఉందని మీరు ఎందుకు చెప్పలేదు అని. "అది వాడికి ముందే తెలుసు కదండీ. తెలిసిన తప్పే మళ్ళీ చెప్తే వాడి చేతిలో ఏం పెట్టినట్టు?" అంది. ఇంటికొచ్చాక ఆ మాట నా నోట్‌బుక్కులో రాసుకున్నాను. మర్నాటి నుంచి పిల్లల పుస్తకాల్లో నా ఎర్ర గీతలు తగ్గాయి.

అందుకే డ్రాగన్ విషయంలో నా మనసులో ఉన్నది చెప్తాను. వాళ్ళు చూసింది ఫోటో. ముప్పై రెండు మిల్లీమీటర్ల మనిషి బొమ్మ తెరమీద జానెడవుతుంది. దాని కన్ను ఆవగింజంత కూడా ఉండదు, తెర మీద బొత్తామంత అవుతుంది. అంత పెద్దది చేసి చూస్తే ఎవరి పనిలోనైనా గీత వంకరగానే కనిపిస్తుంది. అలాగని వాళ్ళు చెప్పింది అబద్ధమని కాదు. మంట వెలుగు వేయాలంటే ముందు చుట్టూ ఉన్నవి ముదరగా ఉండాలి, మంట దగ్గర ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ, మంట వైపు తిరగని పొలుసు మీద అసలు ఉండకూడదు. ఆ ఆవిడ దీపం పట్టుకుని చూపించిందీ అదే కదా. నువ్వు కూడా "ఎలా ఉంది?" అని మాత్రమే అడిగి ఉంటావు. అలా అడిగితే ఎవరికి తోచింది వాళ్ళంటారు. "మెడ మీద వెలుగు ఎక్కడ ఆపాలి?" అని అడిగి చూడు. పరీక్షల్లో కూడా ప్రశ్న సరిగ్గా ఉంటేనే జవాబు సరిగ్గా వస్తుంది.

ఉపన్యాసం ఇవ్వకూడదనుకుని కూర్చున్నాను, ఇచ్చేస్తున్నాను. ఒక్క విషయం మిగిలింది, దాన్ని దాటవేస్తే నాకు నిద్ర పట్టదు.

చిట్టి ఇంకొకటి చెప్పింది. డ్రాగన్ కంటే ముందు, కొత్తగా చేరిన పిల్లవాడెవడో తన మొదటి గాబ్లిన్, అదే ఆ బుల్లి భూతం బొమ్మ, చూపిస్తే, నువ్వు "ప్లాస్టిక్ దండగ" అన్నావట. ఆ తర్వాత ఆ పిల్లవాడు మళ్ళీ కనిపించలేదట. చిట్టి తప్పుగా విని ఉంటే నాకెంత సంతోషమో. డ్రాగన్ మెడ గురించి ఎవరో ఏదో అంటే నువ్వు రంగు ఊడబెరికే రకం కాదు. 1987లో మొదలైన గోల్డెన్ డెమన్ అనే బొమ్మల రంగుల పోటీలో ఎప్పటికైనా ఒకటి పెట్టాలనీ, అందులో అన్నిటికంటే పెద్ద బహుమతి స్లేయర్ స్వోర్డ్ కత్తి నిలబెట్టడానికి గోడ మీద చోటు చూసుకున్నాననీ అన్నవాడివి. పదకొండు వారాలు మౌనంగా ఉండాలంటే లోపల ఇంకేదో గుచ్చుకుంటూ ఉండాలి. అది ఆ పిల్లవాడి సంగతేనని నాకనిపిస్తోంది. అలా గుచ్చుకుంటోందంటే నువ్వు నా కొడుకువే.

అదే అయితే, కనుక్కుని ఒక మాట రాయి. పెద్ద క్షమాపణలేమీ వద్దు. రంగులో నీళ్ళెన్ని కలపాలో, ఒక మందపు పూతకి బదులు రెండు పల్చటి పూతలు ఎందుకు వేయాలో, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది ఎందుకు వేయాలో చెప్పు. బేకింగ్ పేపర్ కింద తడి స్పాంజి పెట్టి, రంగు ఆరిపోకుండా ఉంచే వెట్ పాలెట్ ఎలా చేసుకోవాలో చెప్పు, మనం టిఫిన్ డబ్బా మూతలో చేశాం కదా, అలాగే. వాడి గాబ్లిన్‌లో బాగున్నదొకటి వెతికి చెప్పు. ఏదో ఒకటి ఉండే ఉంటుంది.

ఈ ఉత్తరంతో పాటు చిన్న డబ్బా పంపుతున్నాను. అందులో నీ మొదటి గాబ్లిన్ ఉంది. పారేశామనుకున్నావు కదూ. బీరువా పై అరలో పెట్టి ఇన్నాళ్ళూ మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులుపుతున్నాను. రంగు మీద రంగు పడి ముక్కెక్కడో నోరెక్కడో తెలియడం లేదు. ఒక కన్ను నిన్నూ, ఒక కన్ను పైకప్పునూ చూస్తుంది. కుడిచెయ్యి మొన్న దులుపుతుంటే ఊడింది. సూపర్ గ్లూ చుక్క వేసి రెండు నిమిషాలు పట్టుకున్నాను, కానీ ఈటె కాస్త వంగినట్టుంది. నువ్వు సరిచేసుకో. దూది చుట్టలేదు, పోగులు అంటుకుంటాయని స్పాంజిలో గుంట కోసి పెట్టాను. డబ్బా తిరగేసి తెరవకు, బాణం గుర్తున్న వైపు పైకి.

దాన్ని మాత్రం ఆల్కహాల్‌లో ముంచకు.

ఆదివారం ఫోటో పంపు. రంగు లేని డ్రాగన్‌ది అయినా సరే.

ఆశీస్సులతో,
అమ్మ

నాన్నగారు అడగమంటున్నారు, నీ బల్ల దీపం మెడ వంగిపోయిందన్నావు, మార్చావా?