ఇసుకను ఆపే పటాలానికి డబ్బు ఆపొద్దు

సంపాదకులకు నమస్కారం.

మాది అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం. సైన్యంలో ఇరవై ఎనిమిదేళ్ళు క్లర్కుగా పనిచేసి, సుబేదార్‌గా రిటైరై ఊరికి వచ్చి సేద్యం చేసుకుంటున్నాను. మా ఊరికి ఒక పక్క తుంగభద్ర నీళ్ళు తెచ్చే హెచ్చెల్సీ కాలువ, ఇంకో పక్క వేదవతి. మేం హగరి అంటాం. పైన కర్ణాటకలో వాణీ విలాస సాగరం, మన దగ్గర భైరవానితిప్ప ఆనకట్టలు కట్టిన తర్వాత ఈ ఏటిలో నీళ్ళు కనిపించే రోజులు తక్కువ. ఎండిన ఏటి ఇసుక ఆషాఢం గాలికి లేచి చేలమీద పడుతుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల వాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు.

పోయిన ఆషాఢంలో మా చిన్నాయన కొడుకు చేనికి పోయి చూస్తే గట్టు లేదు. కిత్తనార మట్టల కొసలు జానెడు మాత్రం పైకి కనిపిస్తే, గట్టు అక్కడుండాలని గుర్తుపట్టాం. మొలిచిన వేరుశనగ ఇసుక కింద ఉంది. వాడు చేత్తో ఒక సాలు తోడి చూశాడు. మొలక తెల్లగా పాలిపోయి ఉంది. ఇంకో సాలు తోడలేదు, లేచి వచ్చేశాడు.

ఇంతకంటే పెద్ద ఇసుకను ఆపడం నా కళ్ళతో చూశాను. జైసల్మేర్ వైపు ఇందిరా గాంధీ కాలువ గట్ల మీద మూడేళ్ళు ఆ పనిలోనే ఉన్నాను. ఆ పని చేసే పటాలాల గురించి, వాటికి డబ్బు ఆగితే ఏమవుతుందనే దాని గురించి మన పత్రికల్లో ఎప్పుడో గానీ రాదు. అందుకే రాస్తున్నాను.

రెగ్యులర్ సైన్యానికి తోడుగా ఉండే టెరిటోరియల్ ఆర్మీలో ఎకో బెటాలియన్లని ఉన్నాయి. రిటైరైన జవాన్లను మళ్ళీ యూనిఫాం వేయించి, చెట్లు పెంచే పనిలో పెడతారు. మొదటిది 1982 డిసెంబర్‌లో డెహ్రాడూన్‌లో మొదలైంది. సున్నపురాయి క్వారీలు ముస్సోరీ కొండలను తోడేసి, వాన పడితే రాళ్ళు ఊళ్ళ మీదికి దొర్లే పరిస్థితి తెచ్చాయి. ఆ గాయాల మీద మళ్ళీ పచ్చదనం తెచ్చింది గఢ్వాల్ మాజీ సైనికులే. మరుసటి ఏడాది రాజస్థాన్‌లో రెండోది పెట్టారు. తర్వాత జమ్మూ, కుమావూఁ, ఢిల్లీలోని భాటీ గనులు, హిమాచల్, అస్సాం. 2017లో మరాఠ్వాడాలో ఔరంగాబాద్ దగ్గర ఇంకొకటి. మరాఠ్వాడా మనకు దూరం కాదు, అక్కడి కరువూ మన కరువు లాంటిదే. తెలుగు రాష్ట్రాలు రెండింటిలో మాత్రం ఒక్కటీ లేదు.

నేను ఆ రాజస్థాన్ పటాలంలో పర్మనెంట్ స్టాఫ్. అంటే రెగ్యులర్ ఆర్మీ నుంచి ఆఫీసు పనికి పోస్టింగ్ మీద పోయినవాడిని. పొద్దున ఫైళ్ళు, సాయంత్రం ఇసుక. ఆ కాలువ వెంట చాలా చోట్లకు ఊరి పేరుండదు, కాలువ మీద దూరాన్ని చెప్పే ఆర్.డి. నంబర్లతోనే చెప్పుకుంటారు. పంజాబ్‌లోని హరికే దగ్గర నుంచి ఆరు వందల కిలోమీటర్లకు పైగా నడిచి నీళ్ళు అక్కడికి వస్తాయి. రెండు పక్కలా ఇసుక తిన్నెలు. చెట్టు లేకపోతే కాలువే పూడిపోతుంది. ఎక్స్‌కవేటర్ తెచ్చి తోడిస్తే మళ్ళీ గాలిదుమారం వచ్చి నింపుతుంది.

ఇసుక మీద నేరుగా మొక్క నాటితే బతకదు. ముందు ఇసుకను కదలకుండా చేయాలి. అక్కడ ఖీంప్ అని ఒక పొద ఉంటుంది, ఆకు ఉండీ లేనట్టు, చీపురు పుల్లల్లాగా. దాన్ని కొట్టుకొచ్చి, గాలి వచ్చే దిక్కుకు అడ్డంగా వరసలు వరసలుగా ఇసుకలో పాతుతాం. ఐదేసి మీటర్లకు ఒక వరస. కొన్నిచోట్ల చదరంగం గళ్ళ మాదిరి అడ్డం నిలువు రెండూ పాతుతాం. ఆ గళ్ళ మధ్య సేవణ్ గడ్డి గింజ చల్లుతాం. వాన పడినాక మొక్క. మా పటాలంలో రాజపుత్రుల పెద్దాయన ఒకడు, 1971 యుద్ధంలో పోరాడినవాడు, గుంత తవ్వే ముందు చెయ్యి మోచేతి దాకా ఇసుకలోకి దింపేవాడు. వేలికి చల్లగా తగిలితేనే "ఇక్కడ తవ్వు" అనేవాడు. తిన్నె పైన కాలు పెట్టలేనంత వేడి ఉన్నా లోపల తడి దాచుకుని ఉంటుందని, మొక్క వేరు ఆ తడిని అందుకునేంత లోతులో పెట్టాలని ఆయన దగ్గరే తెలుసుకున్నాను.

నాటినవాటిలో ఖేజ్రీ ఉండేది. ఖేజ్రీ అంటే మన జమ్మి చెట్టే. మొదటిసారి ఆకు చూసి గుర్తుపట్టినప్పుడు, ఆ ఎడారిలో మా ఊరి మనిషెవరో కనిపించినంత సంతోషం కలిగింది. మేం చేసినదాంట్లో ఒక పొరపాటూ చెప్పాలి. త్వరగా పెరుగుతుందని ఇజ్రాయెలీ బబూల్ అనే పరదేశపు తుమ్మ చాలా నాటాం. లెక్క చూపించడానికి అది సులువు. జమ్మి నిదానం. నన్నడిగితే జమ్మి, అక్కడి రోహిడా చెట్టు ఇంకా ఎక్కువ నాటి ఉండాల్సింది.

ఇక డబ్బు. పటాలం ఆర్మీదే అయినా జీతాల ఖర్చు రక్షణ శాఖ మీద నిలవదు. పర్యావరణ శాఖ గానీ రాష్ట్ర ప్రభుత్వం గానీ తిరిగి కట్టాలి. మొక్కలు, కంచె, సాంకేతిక సలహా అటవీశాఖ ఇవ్వాలి. రాతలో చూస్తే ఏర్పాటు బాగానే ఉంటుంది. ఏడాది చివర డబ్బులు బిగిసినప్పుడు మాత్రం ఎవరి బడ్జెట్‌లోనూ మా పటాలం ముందు వరుసలో ఉండదు. రక్షణ వాళ్ళకు మేం తుపాకీ పట్టని పటాలం. అటవీ వాళ్ళకు మేం పరాయి శాఖ వాళ్ళం.

నా మూడేళ్ళలో ఒక ఏడాది గ్రాంటు ఆగింది. ఏ ఆఫీసులో ఏ బల్ల మీద ఆగిందో నాకు తెలుసు, ఆ ఉత్తరాలన్నీ నేనే టైపు చేశాను. ఆ పేర్లు ఇక్కడ రాయను. జీతాలు ఎలాగో నడిచాయి. కోత పడింది డీజిల్ మీద. నీళ్ళ బౌజర్, అంటే ట్యాంకర్ బండి, వారానికి రెండు ట్రిప్పులు తిరిగేది ఒకటైంది, తర్వాత అదీ లేదు. మే నెల. ముందటి ఏడు నాటిన మొక్కలు, రెండో వేసవి. ఎడారి మొక్కకు మొదటి ఏడు కంటే రెండో వేసవే గండం, ఎందుకంటే మొదటి ఏడు అందరూ చూస్తారు, రెండో ఏటికి దృష్టి కొత్త ప్లాంటేషన్ మీదికి పోతుంది. ఆఫీసర్ ఒక్క మాట అనకముందే జవాన్లు జెర్రీ క్యాన్లు భుజాన పెట్టుకుని కాలువ నుంచి మోశారు. యాభై ఏళ్ళు దాటినవాళ్ళు. ఒక్కో మొక్కకు ఒక మగ్గు. ఎన్నని మోస్తారు? దగ్గరి వరసలు బతికాయి. తిన్నె అవతలి వైపు సగానికి పైగా ఎండిపోయాయి.

జూన్‌లో ఆ పెద్దాయన, నేను రిజిస్టర్ పట్టుకుని లెక్కకు పోయాం. ఆయన ఒక్కో మొక్క దగ్గర కూర్చుని గోటితో బెరడు గీకి చూసేవాడు. కింద పచ్చగా ఉంటే "జిందా" అనేవాడు, నేను గీత గీసేవాడిని. ఎండిన వాటి దగ్గర ఏమీ అనకుండా లేచేవాడు. ఆ రోజు ఆయన మాట్లాడింది చాలా తక్కువ.

తర్వాత గ్రాంటు వచ్చింది, బకాయిలతో సహా. చచ్చిన మొక్కల చోట మళ్ళీ గుంతలు, మళ్ళీ మొక్కలు, మళ్ళీ మూడేళ్ళ నీళ్ళు. డీజిల్‌లో మిగిల్చింది ఎంతో, మళ్ళీ నాటడానికి అయింది ఎంతో రెండూ ఒకే లెడ్జర్‌లో నా చేత్తోనే రాశాను. మిగిలింది కొంచెం, పోయింది చాలా.

ఇప్పుడు రక్షణ బడ్జెట్ తగ్గుతోందా అంటే, పైకి తగ్గడం లేదు. 2025-26లో 6.81 లక్షల కోట్లు. అందులో 1.60 లక్షల కోట్లు మా లాంటి వాళ్ళ పింఛన్లే. పింఛన్ తీసుకునేవాడిగా ఆ మాట నేను దాచను. కానీ పెద్ద అంకె లోపల కోతలు నడుస్తూనే ఉంటాయి. పోరాడే దళాలకు డబ్బు కావాలి కాబట్టి వెనక ఉండేవాటిని తగ్గించాలనేది కొన్నేళ్ళుగా నడుస్తున్న ఆలోచన. రక్షణ ఖర్చును సరిచేయడానికి కేంద్రం వేసిన శేకత్కర్ కమిటీ అదే చెప్పింది. 1889లో అలహాబాద్‌లో మొదలైన మిలిటరీ డెయిరీ ఫారాలను, దేశమంతా 39 ఉంటే, 2021 మార్చి 31న మూసేశారు. పాలు బయట దొరుకుతాయి కాబట్టి ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. చెట్లు పెంచే పటాలాన్ని కూడా అదే తూకంతో తూచితేనే నాకు భయం. పాలు మార్కెట్లో దొరుకుతాయి. ఐదేళ్ళు ఒకే తిన్నె దగ్గర ఉండి, గాలిలో, ఎండలో, రాత్రి కాపలా కాసే రెండు వందల మంది ఏ మార్కెట్లో దొరుకుతారు?

సైనికుడి పని సరిహద్దు కాపలా, మొక్కలకు నీళ్ళు పోయడం కాదని మా స్నేహితుల్లోనే కొందరంటారు. వాళ్ళ మాట మీద గౌరవం ఉంది. అయితే ఎకో పటాలం కోసం సరిహద్దు నుంచి ఎవరినీ వెనక్కి తేరు. పింఛన్‌తో ఇంటికొచ్చి, మోకాళ్ళు ఇంకా బాగున్నవాళ్ళనే తీసుకుంటారు. ఉపాధి హామీ ఉంది కదా అని ఇంకొందరు అడుగుతారు. ఉపాధి పనిలో మా ఆడవాళ్ళు తవ్విన గుంతలు చూశాను, కొలత తప్పదు, బాగా తవ్వుతారు. కానీ ఆషాఢంలో గాలి లేచినప్పుడు, రాత్రి మేకలు పడ్డప్పుడు, రెండో వేసవిలో నీళ్ళు మోయాల్సినప్పుడు ఆ గుంత దగ్గర ఉండే బాధ్యత ఎవరిది? రోజు కూలితో ఆ బాధ్యత కొనలేం.

మా వీధిలో ఒక పిల్లవాడు అగ్నివీర్‌గా పోయాడు. 2022లో వచ్చిన ఆ పథకంలో నాలుగేళ్ళయ్యాక నూటికి డెబ్భై ఐదు మంది ఇంటికి రావాల్సిందే, పింఛన్ ఉండదు. లీవులో వచ్చినప్పుడు నా దగ్గర కూర్చుని, "మామా, నాలుగేండ్లు అయిపోతే నేనేం చేయల్ల?" అని అడిగాడు. సెక్యూరిటీ గార్డు ఉద్యోగం తప్ప నాకు వెంటనే ఏదీ తోచలేదు. రాత్రి పడుకుని ఆలోచిస్తే, ఏటి పక్కన ఇసుక, ఇంట్లో పని లేని జవాను, ఈ రెండూ ఒకే ఊళ్ళో ఉన్నాయి కదా అనిపించింది. ఎకో పటాలంలో ఇలాంటి పిల్లలకు కూడా చోటు ఇస్తే, పెద్దవాళ్ళ అనుభవం, వీళ్ళ బలం కలుస్తాయి.

అందుకని నేను అడిగేది పెద్ద కోరిక కాదు. రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని ఒక ఎకో బెటాలియన్ అడగాలి. పూర్తి పటాలం కాకపోతే ఒక కంపెనీ చాలు, హగరి ఒడ్డున మొదలుపెట్టడానికి. అడిగే ముందే ఒక పని చేయాలి. మొదటి ఏడు గుంతలకు, మొక్కలకు ఎంత పెడతారో, తర్వాత నాలుగేళ్ళ నీళ్ళకు, కంచెకు, డీజిల్‌కు కావాల్సింది కూడా అదే రోజు మంజూరు చేసి, వేరే ఖాతాలో వేసి, ఎవరూ ముట్టుకోకుండా పెట్టాలి. ఏడాది ఏడాదికి అడుక్కునే పద్ధతి అయితే మొదలుపెట్టకపోవడమే మంచిది. ఇప్పటికే ఉన్న పటాలాల విషయంలోనూ రాష్ట్రాలు, కేంద్రం బకాయిల గురించి ఉత్తరాలు రాసుకునే బదులు ఈ పద్ధతికి రావాలని నా విన్నపం.

ఖీంప్ మన దగ్గర లేదు. దాని అవసరమూ లేదు. వెంపలి ఉంది, జిల్లేడు ఉంది, కంది కట్టె ప్రతి కల్లంలో పడి ఉంటుంది. గాలికి అడ్డం పాతడానికి అవి చాలు. మొక్కల్లో జమ్మి, కానుగ, వేప, ఏటి పక్కన ఈత. సర్కారు తుమ్మ మాత్రం వద్దు, ఉన్నదాంతోనే వేగలేకపోతున్నాం. ఏ చోట ఏది బతుకుతుందో మా ఊరి గొర్రెల కాపరులను అడిగితే ఏ రిపోర్టూ చూడకుండా చెప్తారు.

రాజస్థాన్‌లో ఉన్నప్పుడు రాసుకున్న నోట్‌బుక్ నా దగ్గర ఉంది. ఏ నెలలో ఏ పని, వరసకు వరసకు దూరం ఎంత, బౌజర్ ఒక ట్రిప్పుకు ఎన్ని మొక్కలు తడుస్తాయి, అన్నీ ఉన్నాయి. జిల్లా అధికారులు గానీ అటవీశాఖ వాళ్ళు గానీ పిలిస్తే తీసుకొచ్చి ఇస్తాను. మా చిన్నాయన కొడుకు చేను పక్కన రెండెకరాలు ప్రయోగానికి ఇస్తామని ఇంట్లో మాట్లాడుకున్నాం. వచ్చే ఆషాఢానికి ముందు, వైశాఖంలోనే కట్టె పాతాలి. ఆ లెక్కన చూస్తే టైం ఎక్కువ లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సుబేదార్,
బొమ్మనహాళ్ మండలం, అనంతపురం జిల్లా.