గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన పెద్దల పని చరిత్రను రాయించండి: ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ముఖ్యమంత్రి గారికి,

నమస్కారాలతో రాయునది.

నేను జగిత్యాల జిల్లా వాసిని. వయసులో ఉన్నప్పుడు సౌదీ అరేబియాలోని జుబైల్‌లోనూ, ఆ తర్వాత దుబాయిలోనూ నిర్మాణ కంపెనీల్లో టైంకీపర్‌గా పనిచేసి, వయసు మళ్లాక ఊరికి వచ్చి స్థిరపడ్డాను. ఎవరు ఏ గంటకు పనిలోకి దిగారు, ఎవరికి ఎంత ఓవర్‌టైమ్ పడింది అని రోజూ రాసే కొలువు నాది. ఎన్నారై విభాగం మీ చేతిలో ఉన్న సాధారణ పరిపాలన శాఖ కిందే ఉంది కాబట్టి, ఈ విన్నపం నేరుగా మీకే చేస్తున్నాను. కోరేది ఒక్కటే. గల్ఫ్ దేశాల్లో పనిచేసి తిరిగివచ్చిన వృద్ధ కార్మికుల పని జ్ఞాపకాలను ఊరూరా అధికారికంగా నమోదు చేయించండి; ఆ నమోదును వారి సర్వీసుకు ఆధారంగా ప్రభుత్వం గుర్తించాలి.

మీ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు అయిదు లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలని నిర్ణయించింది. అదే సంవత్సరం ప్రజాభవన్‌లో, విదేశాలకు పోయినవారి ఫిర్యాదులు వినే ప్రవాసీ ప్రజావాణిని ప్రారంభించింది. ఇవి ఎన్నో ఏళ్లుగా కుటుంబాలు అడుగుతూ వచ్చినవే. వాటికి మా కృతజ్ఞతలు. అయితే శవపేటికలో వచ్చినవారి లెక్క ప్రభుత్వం దగ్గర ఉంది. ప్రాణాలతో తిరిగివచ్చి, ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్ల వయసులో ఊళ్లలో ఉన్నవారి లెక్క ఏ ఆఫీసులోనూ లేదు. కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్, ఆర్మూర్, భీంగల్, చందుర్తి, ఖానాపూర్ ప్రాంతాల్లో గల్ఫ్‌కు మనిషి పోని ఊరు కనబడదు. 1973 తర్వాత చమురు ధర పెరిగి అక్కడ రోడ్లు, రేవులు, రిఫైనరీలు కట్టడం మొదలైనప్పటి నుంచి మా వాళ్లు పోతూనే ఉన్నారు. మొదట పోయినవారిలో చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవారికి జ్ఞాపకాలున్నాయి, కాగితాలు లేవు.

వారు ఏం చెబుతారో మీకు తెలియాలని కొంచెం వివరంగా రాస్తున్నాను. మా ఊళ్లో నలుగురైదుగురు గల్ఫ్ పెద్దలు ఒకచోట కూర్చుంటే, మాట ఎక్కడ మొదలైనా చివరికి పని దగ్గరికే వస్తుంది. జూన్, జూలై నెలల్లో పగటిపూట కాంక్రీటు పోస్తే వేడికి త్వరగా బిగిసి నెర్రెలు పడుతుందని, అందుకని రాత్రిళ్లు పోసేవారమని, కలిపే నీళ్లలో ఐసు ముక్కలు వేసేవారమని, తెల్లవారేసరికి స్లాబు మీద గోనెపట్టాలు పరిచి రోజంతా తడుపుతూ ఉండేవారమని ఒక మేస్త్రీ చెబుతాడు. ఆయన ఇక్కడి నుంచి లేబర్ వీసా మీద పోయిన సన్నకారు రైతు. పోయేనాటికి పార, పలుగు తప్ప మరో పనిముట్టు పట్టినవాడు కాదు. తిరిగివచ్చేనాటికి డ్రాయింగు చూసి షెట్రింగు కొలతలు చెప్పగలిగే ఫోర్‌మన్ అయ్యాడు. ఈ రోజుకీ ఊళ్లో ఎవరైనా స్లాబు వేస్తుంటే అడగకుండానే వెళ్లి నిలబడి, ఊచకు ఊచకు మధ్య ఎడం జానెతో కొలిచి, ఎక్కువగా ఉంటే విప్పించి మళ్లీ కట్టిస్తాడు. ఆయనకు ఆ విద్య ఎక్కడ అబ్బిందో, ఎన్నేళ్లకు అబ్బిందో చెప్పే సర్టిఫికెట్టు ఒక్కటీ లేదు.

కేబుల్ లాగినవారు, నీళ్ల ట్యాంకర్లు నడిపినవారు, కంపెనీ మెస్సులో వెయ్యిమందికి వండినవారు, ఎడారిలో గొర్లు, ఒంటెలు కాసినవారు, ఒక్కొక్కరిదీ ఒక్కో అనుభవం. జెబెల్ అలీ రేవు, సౌదీకీ బహ్రెయిన్‌కూ మధ్య 1986లో తెరిచిన సముద్రపు వంతెన, 2009లో మొదలైన దుబాయి మెట్రో, 2010లో ప్రారంభమైన బుర్జ్ ఖలీఫా వంటి కట్టడాల పేర్లు ప్రపంచానికి తెలుసు. మన దేశం నుంచి, పొరుగు దేశాల నుంచి పోయిన కూలీల చెమట లేకుండా ఆ ప్రాంతంలో అటువంటివి లేచాయని ఎవరూ అనరు. ఆ కూలీల పేర్లు మాత్రం నా వంటి టైంకీపర్లు రాసిన హాజరు పుస్తకాల్లోనే ఉన్నాయి. పని ముగిసి కంపెనీ మూసేసినప్పుడు ఆ పుస్తకాలను ఎవరూ భద్రపరచలేదు. నేను పనిచేసిన ఒక కంపెనీలో చివరి నెలల జీతం, గ్రాట్యుటీ రాకుండానే మనుషులను విమానం ఎక్కించారు. సౌదీ చట్టం ప్రకారం మొదటి అయిదేళ్ల సర్వీసుకు ఏడాదికి సగం నెల జీతం, ఆపైన ప్రతి ఏడాదికీ పూర్తి నెల జీతం చొప్పున ముగింపు మొత్తం ఇవ్వాలని అప్పుడు మాలో చాలామందికి తెలియదు. ఆ చట్టం తెలిసిన ఇద్దరు ముగ్గురు కూడా అడిగే ధైర్యం చేయలేదు. వీసా కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే అక్కడి యజమాని) చేతిలో, పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉన్న మనిషి ఏమని అడుగుతాడు?

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఏదైనా పథకానికి దరఖాస్తు పెట్టుకోవాలంటే గల్ఫ్‌లో పనిచేసినట్లు ఆధారం చూపమంటారు. ఎక్కువ కష్టపడ్డవాడి దగ్గరే ఆధారం తక్కువ. సక్రమంగా ఫైనల్ ఎగ్జిట్ (పని ముగించి పూర్తిగా వెళ్లిపోయే అనుమతి) మీద వచ్చినవాడు అకామాను, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి కార్డును, అక్కడే అప్పగించి వచ్చాడు. జీతం ఇవ్వని కఫీల్ దగ్గరి నుంచి పారిపోయి, మేము ఖల్లివెల్లి అని పిలుచుకునే బతుకు బతికినవాడు, ఏళ్ల తరబడి పనిచేసినా ఏ రికార్డులోనూ లేడు. 2007లోనూ 2018లోనూ యూఏఈ, 2018లోనే కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, 2013లో సరైన కాగితాలు లేనివారికి సౌదీ గడువు పెట్టినప్పుడు అటువంటివారు ఔట్‌పాస్ మీద వచ్చారు. ఔట్‌పాస్ అంటే ఒక్క ప్రయాణానికి ఇచ్చే కాగితం. అది విమానాశ్రయంలోనే పోతుంది. విదేశాలకు పనికి పోయేవారి వివరాలు కేంద్రం నమోదు చేసే ఈ-మైగ్రేట్ కంప్యూటర్ విధానం వచ్చింది 2014 ప్రాంతంలోనే. అంతకుముందు దశాబ్దాల్లో వెళ్లినవారి వివరాలు అందులో దొరకవు. విజిట్ వీసా మీద పోయి అక్కడ పనిలో కుదిరినవారి సంగతి చెప్పనవసరం లేదు. మిగిలింది మనిషి జ్ఞాపకం, తోటివారి సాక్ష్యం. వాటిని ఆధారంగా తీసుకోవాలని నేను కోరేది అందుకే.

జ్ఞాపకం మీద ఆధారపడితే అబద్ధపు దరఖాస్తులు వస్తాయని మీ అధికారులు అనవచ్చు. హాజరు రాసినవాడిగా నాకు తెలిసిన సంగతి చెబుతాను. ఒకే క్యాంపులో ఉన్న ఇద్దరిని విడివిడిగా కూర్చోబెట్టి, మెస్సు ఏ దిక్కున ఉండేది, సైటుకు బస్సు ఎన్ని గంటలకు బయలుదేరేది, ఫోర్‌మన్ ఏ దేశంవాడు, జీతం ఏ తేదీన ఇచ్చేవారు, శుక్రవారం ఎక్కడికి పోయేవారు అని అడిగితే పది నిమిషాల్లో నిజం తేలిపోతుంది. అక్కడ ఉండనివాడు ఆ వివరాలు కల్పించలేడు. ఆ తర్వాత గ్రామసభలో పేరు చదివితే, ఎవరు పోయారో ఎవరు పోలేదో ఊరికి తెలియనిది కాదు. క్యాన్సిల్ చేసిన పాత పాస్‌పోర్టు, డ్రాఫ్టు రసీదు, ఇంటికి వచ్చిన ఉత్తరం, ఆ రోజుల్లో ఉత్తరం రాయలేనివారు మాటలు రికార్డు చేసి ఊరికి పోయేవారి చేత పంపిన క్యాసెట్టు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా బలం చేకూరుతుంది.

దీనికి ముందు నడిచిన దారి కూడా ఉంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు మన ప్రభుత్వం లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను వెనక్కి తెచ్చింది. ఎక్కువమంది జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో వచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. కట్టుబట్టలతో ఎడారి శిబిరాల్లో గడిపి వచ్చినవారు మా వైపు ఇప్పటికీ ఉన్నారు. ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్‌ను ఏర్పాటు చేసింది. కువైట్, ఇరాక్‌లను విడిచి రావలసివచ్చిన వ్యక్తులకు నిర్ణీత మొత్తం ఇచ్చేటప్పుడు, ఆ కమిషన్ పెద్ద దస్తావేజులు అడగలేదు. ఫలానా కాలంలో అక్కడి నుంచి వచ్చామని చూపే సాదాసీదా ఆధారంతోనే దరఖాస్తులను తీసుకుంది. అన్నీ పోగొట్టుకుని వచ్చిన మనిషిని కాగితాల కట్ట తెమ్మనడం న్యాయం కాదని అంతర్జాతీయ సంస్థ అంగీకరించినప్పుడు, మన రాష్ట్రం అంగీకరించడానికి అడ్డేముంటుంది?

ఆసరా పింఛన్లలో వృద్ధులతోపాటు చేనేత కార్మికులకు, గీత కార్మికులకు, బీడీ కార్మికులకు వేర్వేరు కేటగిరీలున్నాయి. ఇది మన రాష్ట్రం గర్వించదగిన విషయం. మా ప్రాంతంలో భర్త గల్ఫ్‌లో ఉన్నన్నాళ్లూ భార్య ఇంట్లో బీడీలు చుట్టి పిల్లలను సాకింది. ఆమెకు పీఎఫ్ నంబరు ఉంది, ఆమె పనికి ఒక పేరు, ఒక కేటగిరీ ఉన్నాయి. అదే ఇంట్లో ఎడారిలో ఒళ్లు కరిగించుకుని వచ్చిన భర్త పనికి అవి రెండూ లేవు. అతడు వృద్ధుడిగా మాత్రమే దరఖాస్తు పెట్టుకోవాలి. గల్ఫ్ దేశాల పింఛను వ్యవస్థలు అక్కడి పౌరుల కోసం ఏర్పడినవి కాబట్టి అటువైపు నుంచి అతడికి వచ్చేదేమీ లేదు. కేంద్రం 2012లో ఈసీఆర్ (విదేశాలకు పోవడానికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయిన) కార్మికుల కోసం తెచ్చిన మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన 2017లో ఆగిపోయింది. కేరళ మాత్రం 1996లోనే ప్రవాస కేరళీయుల కోసం నోర్కా పేరుతో ప్రత్యేక శాఖ పెట్టుకుంది. 2008లో చట్టం చేసి ప్రవాసీ సంక్షేమ బోర్డు ద్వారా, తమ వంతు చందా కట్టినవారికి అరవై ఏళ్లు నిండాక పింఛను ఇస్తోంది. మన దగ్గర బోర్డు వచ్చినా, పింఛను వచ్చినా మొదటి ప్రశ్న ఎవరు అర్హులన్నదే అవుతుంది. దానికి జవాబు ఇప్పటి నుంచే సిద్ధం చేసుకోవాలి.

డబ్బు సంగతి పక్కన పెట్టినా ఈ పని చేయవలసిందే. మనదేశంలో ఉద్యోగాలు చేసి విశ్రాంతి తీసుకున్న ఆంగ్లేయుల జ్ఞాపకాలను, ఉత్తరాలను, ఇంటి సినిమాలను కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని దక్షిణాసియా అధ్యయన కేంద్రం ఎంతో శ్రద్ధగా సేకరించింది. వారి గొంతులను రికార్డు చేసి దాచింది. పరాయి గడ్డ మీద కలెక్టరుగానో ఇంజనీరుగానో పనిచేసిన మనిషి మాటకు ఉన్న విలువ, పరాయి గడ్డ మీద ఊచలు కట్టిన మనిషి మాటకూ ఉంటుందని నా నమ్మకం. తార్నాకలోని మన రాష్ట్ర పురాభిలేఖాగారం (ఆర్కైవ్స్) నిజాం కాలపు ఫర్మానాలను పదిలంగా కాపాడుతోంది. ఉత్తర తెలంగాణ గత యాభై ఏళ్ల చరిత్రలో ఇంటింటినీ మార్చిన సంగతి గల్ఫ్ వలస. దానికి ఆ భవనంలో ఒక గది దక్కాలి.

పని పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు. కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం, నిజామాబాద్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయం ఉన్నాయి. చరిత్ర, తెలుగు, సోషల్ వర్క్ చదివే విద్యార్థుల్లో చాలామంది తండ్రులో మేనమామలో గల్ఫ్ పోయినవారే అయివుంటారు. వారికి కొద్దిపాటి శిక్షణ, కొంత పారితోషికం ఇచ్చి ఊళ్లకు పంపితే ఫోనులోనే రికార్డు చేసుకుని రాగలరు. పంచాయతీ కార్యదర్శి ఒక రిజిస్టరు పెట్టి, పోయిన ఏడు, దేశం, పని, కంపెనీ లేదా కఫీల్ పేరు, తిరిగివచ్చిన తీరు, సాక్షులుగా ఇద్దరు తోటి కార్మికుల పేర్లు రాసి, గ్రామసభలో చదివి, నకలు ఒకటి ఆ కార్మికుడి చేతికి ఇస్తే చాలు. మా వాళ్లు యాసలో, నడుమ నడుమ బంబయి హిందీ, అరబ్బీ మాటలు కలిపి చెబుతారు. వాటిని దిద్దకుండా ఉన్నదున్నట్లు ఉంచమని ఆ పిల్లలకు గట్టిగా చెప్పాలి.

స్త్రీల విషయం వేరుగా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో కడప, అన్నమయ్య, కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి పోయిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. మన వైపు నుంచి పోయినవారూ లేకపోలేదు. వారికి క్యాంపు లేదు, తోటి కార్మికులు లేరు, నాలుగు గోడల మధ్య పని. నేను పైన చెప్పిన సాక్షుల పద్ధతి వారికి పనికిరాదు. వారి మాట వినడానికి ఆడపిల్లలనే పంపాలి, ఇంట్లో మగవారు లేని వేళ చూసి కూర్చోవాలి, ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదని ముందే చెప్పాలి. పొరుగు రాష్ట్ర ప్రభుత్వం కూడా కలిసివస్తే రెండు రాష్ట్రాలూ ఒకే తీరున నమోదు చేసుకోవచ్చు.

మొదట జగిత్యాల, నిజామాబాద్, రాజన్న సిరిసిల్ల, నిర్మల్ జిల్లాల్లో ఒక్కో మండలం ఎంచుకుని, డెబ్బై ఏళ్లు దాటినవారితో ఈ ఏడాదే ప్రారంభించమని కోరుతున్నాను. వచ్చే ఏడాది అంటే ఆ వయసువారికి చాలా దూరం. నా దగ్గర మిగిలిన సొంత నోటుబుక్కుల్లో నాతో పనిచేసినవారి పేర్లు, ఊళ్లు, బ్యాడ్జి నంబర్లు ఉన్నాయి. మీ ఎన్నారై విభాగం నుంచి ఎవరిని పంపినా వాటి నకళ్లు అప్పగించి, ఆ పేర్లు ఉన్నవారి ఇళ్లకు నేనే వెంట తీసుకువెళతాను. ఈ విన్నపం మీద మీ నిర్ణయం ఏదైనా, జిల్లా కలెక్టర్ల ద్వారా గ్రామాలకు తెలియజేయించగలరని ప్రార్థన.

ఇట్లు,
భవదీయుడు,
గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన ఒక మాజీ టైంకీపర్,
జగిత్యాల జిల్లా