మా గోల్ఫ్ కాలనీని వృద్ధాశ్రమం అనేశారు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన నెల మీ ఆదివారం అనుబంధంలో అమెరికాలో స్థిరపడిన మన పెద్దవాళ్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫోటోలో ఒక చెరువు, ఒడ్డున పచ్చిక, చేతిలో గోల్ఫ్ కర్రతో ఒక తెల్లాయన, కింద "ఖరీదైన వృద్ధాశ్రమాలు" అని రాశారు. ఆ రోజు నుంచి మా పెద్ద తోటికోడలు తెనాలి నుంచి వారానికి రెండుసార్లు ఫోన్ చేసి, "అంత పెద్ద ఉద్యోగం చేసే కొడుకు ఉండి మీకిదేం ఖర్మే" అని ఏడుపు గొంతుతో మాట్లాడుతోంది. నేనెంత చెప్పినా వినదు, పేపర్లో పడింది కదా అంటుంది. సరే, పేపర్లోనే చెబుదామని ఈ ఉత్తరం.

మేం ఉండేది ఓర్లాండోకి గంట దూరంలో, 55 ఏళ్లు దాటినవాళ్ల కాలనీలో. గేటు ఉంది, చెరువు ఉంది, 9 హోల్స్ గోల్ఫ్ కోర్సు ఉంది, క్లబ్ హౌస్ ఉంది. ఇల్లు మాది, రిజిస్ట్రేషన్ మా పేరు మీద ఉంది. వంట నేనే చేస్తాను, మందులు ఎవరివి వాళ్లం వేసుకుంటాం. మమ్మల్ని ఇక్కడ ఎవరూ తెచ్చి దింపలేదు. 26 ఏళ్లు న్యూజెర్సీలో ఉన్నాక ఒక జనవరి పొద్దున్న మా వారు వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ జారి పడి, లేవడానికి పావుగంట పట్టింది. ఆ తర్వాత వచ్చిన ప్రాపర్టీ టాక్స్ కాగితం చూసి ఇద్దరం ఒకేసారి "అమ్మేద్దాం" అనుకున్నాం. అంతే. మా అబ్బాయి వద్దన్నాడు కూడా, వాడి ఇంట్లో కింద గది మాకే ఉంచుతానన్నాడు. ఆ గదిలో నేను కొన్నాళ్లు ఉండి చూశాను లెండి. పొద్దున్న ఏడున్నరకి అందరూ వెళ్లిపోతే సాయంత్రం ఆరు దాకా ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకోటి వినపడదు, బయటికెళదామంటే కారు ఉండాలి.

మాలాంటి కాలనీల్ని ఇక్కడ "యాక్టివ్ అడల్ట్" కాలనీలంటారు. ఆ మాట ఇళ్లు అమ్మేవాళ్లు పైకి తెచ్చిన మాట, అది ఒప్పుకుంటాను. డెల్ వెబ్ అని ఒక బిల్డరు అరిజోనాలో ఫీనిక్స్ పక్కన పత్తి చేలు కొని, 1960 జనవరి 1న సన్ సిటీ అని మొదలుపెట్టాడు. దాని పక్కనే 1954లో యంగ్‌టౌన్ అని చిన్న ఊరొకటి అప్పటికే పెద్దవాళ్ల కోసం వెలిసింది కానీ, దేశమంతా పాకించింది మాత్రం ఈయన. ముసలివాళ్లు పిల్లల్నీ ఊరినీ వదిలి ఎడారికొచ్చి ఇల్లు కొంటారా అని అందరికీ అనుమానమేనట, ప్రారంభించిన మూడు రోజుల్లో లక్షమంది చూడ్డానికొచ్చారు. 1962లో టైమ్ పత్రిక ఆయన బొమ్మని ముఖచిత్రంగా వేసింది. నాకు ఇందులో నచ్చిన సంగతి ఒకటుంది. నమూనాకి కొన్ని ఇళ్లు మాత్రం చూపించి, గోల్ఫ్ కోర్సు, క్లబ్బు, షాపులు ముందే కట్టేసి తలుపులు తీశాడు. మన దగ్గర క్లబ్ హౌస్ బ్రోషర్‌లో మొదటి పేజీలో ఉంటుంది, నేల మీదకి మాత్రం అన్నిటికన్నా ఆఖరున వస్తుంది. హైదరాబాద్‌లో మా చెల్లెలు ఫ్లాట్ కొని ఆరేళ్లయింది, స్విమ్మింగ్ పూల్ కోసం తవ్విన గోతిలో ఇంకా వాననీళ్లే ఉన్నాయి.

ఇక్కడి రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. మా వారు వారానికి మూడు రోజులు పొద్దున్న ఎనిమిదీ పదికి గోల్ఫ్‌కి వెళతారు. ఆట గొప్పగా ఏం రాదు, బంతి సగం సార్లు ఇసకలో, సగం సార్లు నీళ్లలో పడుతుంది. నేను ఆడను, కార్టు (గోల్ఫ్ ఆటలో తిరిగే చిన్న బండి) నడుపుతాను. మిగతా రోజుల్లో మట్టిపాత్రల క్లాసు, పికిల్‌బాల్ (టెన్నిస్ లాంటి ఆట, పచ్చళ్లకీ దీనికీ ఏ సంబంధం లేదు, మా తోటికోడలు అడిగింది), నెలకోసారి నలుగురైదుగురు తెలుగువాళ్లం కలిసి భోజనాలు. మాకు కొంచెం దూరంలో టవారెస్‌లో ఏకంగా భారతీయుల కోసమే శాంతినికేతన్ అని కట్టారు, శాకాహార భోజనశాల, పూజ గది ఉన్నాయి. మా వారు అక్కడికి రానన్నారు, "రోజూ ముప్ఫై మంది మన రాజకీయాలే మాట్లాడితే నా బీపీ ఏం కాను" అంటారు. ఇక్కడున్న ఒహాయో వాళ్లకి, మిషిగన్ వాళ్లకి మన రాజకీయాలు తెలీవు, అదో సుఖం.

ఇక చెరువు. మీ ఫోటో చూసి అందరూ దాన్ని ఏ కొల్లేరో అనుకుని ఉంటారు. ఫ్లోరిడాలో ఇలాంటి కాలనీల్లో చాలావరకు చెరువులు తవ్వినవే. నేల బల్లపరుపు, కాస్త తవ్వితే నీళ్లు, ఏడాదికి 50 అంగుళాల పైన వాన. వాననీళ్లు నిలవడానికి గొయ్యి తవ్వుతారు, ఆ మట్టితో ఇళ్ల పునాదులు ఎత్తుచేస్తారు, గొయ్యి పక్క ఇంటికి "లేక్ ఫ్రంట్" అని ఎక్కువ రేటు పెడతారు. మాది అలాంటి ఇల్లే, ఎక్కువ పెట్టే కొన్నాం. మొసలి జాతి ఆలిగేటర్లు ఒడ్డుకొచ్చి ఎండ కాగుతుంటాయి. వాటికి తిండి వేయడం ఇక్కడ నేరం, ఎందుకంటే ఒకసారి తిండి అలవాటైతే మనిషి అంటే భయం పోతుంది. 2023 ఫిబ్రవరిలో ఫోర్ట్ పియర్స్ దగ్గర ఇలాంటి 55 దాటినవాళ్ల కాలనీలోనే, చెరువు పక్కన కుక్కని నడిపిస్తున్న 85 ఏళ్ల ఆవిడని ఆలిగేటర్ నీళ్లలోకి లాగేసింది. అప్పటి నుంచి నేను నీళ్ల పక్క దారి వదిలేసి రోడ్డు మీద నడుస్తున్నాను. బ్రోషర్‌లో ఆ దారికి "సూర్యాస్తమయ విహారం" లాంటి పేరేదో ఉంది.

రూల్స్ సంగతికొద్దాం, అసలు కడుపుమంట అక్కడుంది. అమెరికాలో పిల్లలున్న కుటుంబాలకి ఇల్లు ఇచ్చేది లేదనడం 1988 నుంచి చట్టవిరుద్ధం. 55 కాలనీలకి మాత్రం మినహాయింపు, మనుషులున్న ఇళ్లలో నూటికి 80 ఇళ్లలో కనీసం ఒక్కరికైనా 55 నిండి ఉండాలి, 1995 చట్టంతో ఈ లెక్క ఇంకా తేలికైంది. ఆ పైన ఒక్కో కాలనీ తన రూల్స్ తను పెట్టుకుంటుంది. మా దగ్గర 18 లోపు పిల్లలు ఏడాదికి 30 రోజులే ఉండొచ్చు. కొనేటప్పుడు సంతకం పెట్టాం, కాదనను. అప్పటికి మనవడు పుట్టలేదు. మూడేళ్ల కిందట కోడలికి ఆపరేషన్ అయితే, పిల్లాణ్ని వేసవి సెలవులు రెండున్నర నెలలూ మా దగ్గర ఉంచుదామనుకున్నాం. ముప్పై ఒకటో రోజున కాలనీ అసోసియేషన్ నుంచి మెయిల్ వచ్చింది. ఎవరు లెక్కపెట్టారో తెలీదు, గేటు దగ్గర గెస్ట్ పాసు తేదీ ఉంటుంది కదా, దాన్ని బట్టి అనుకుంటాను. బతిమాలాను, డాక్టరు కాగితం పెట్టాను, ఒప్పుకోలేదు. చివరికి నేనే పిల్లాణ్ని తీసుకుని మా అబ్బాయి ఇంటికెళ్లి ఆరు వారాలున్నాను, ఆయన ఇక్కడ ఒక్కరే మాగాయ అన్నంతో గడిపారు. ఐదేళ్ల పిల్లాడు స్విమ్మింగ్ పూల్‌లో కేకలు పెట్టాడని ఫిర్యాదు చేసినవాళ్లకీ మనవలున్నారు, వాళ్ల ఫోటోలు నాకు చూపించి మురిసిపోతారు కూడా.

వడియాల గొడవ ఇంకోటి. ఇక్కడి ఎండకి గుమ్మడి వడియాలు ఒకటిన్నర రోజులో గలగలమంటాయి, అంత ఎండని వృథాగా పోనిస్తే పాపం. పాత చీర వాకిట్లో కారు పక్కన పరిచి వడియాలు పెట్టి, కాకులు రాకుండా ఎండు మిరపకాయలు చుట్టూ వేశాను. మూడో రోజు నోటీసు, ఫోటోతో సహా: వాకిట్లో "గుర్తించలేని పదార్థం" ఆరబెట్టారు, ఏడు రోజుల్లో తీసేయాలి, లేకపోతే జరిమానా. నేనూ ఊరుకోలేదు. ఫ్లోరిడా చట్టం ప్రకారం బట్టలారేసుకునే తాడు కట్టుకోవద్దని ఏ అసోసియేషనూ అనడానికి వీల్లేదు, ఎండ వాడుకోవడం హక్కు కింద రాశారు. అది చదువుకుని మీటింగ్‌కి వెళ్లి అడిగాను. బట్టలకి సరే, వడియాలకి చట్టం లేదన్నారు. ఇప్పుడు వెనక వైపు దోమతెర కట్టిన వరండాలో పెడుతున్నాను, రెండు రోజులు ఎక్కువ పడుతోంది, రుచి అదే.

ఇదంతా చెప్పింది మా బతుకు ఇలా నవ్వుతూ తిట్టుకుంటూ గడిచేదే, జాలిపడాల్సింది కాదని. కానీ ఎడిటర్ గారూ, మీ వ్యాసం అసలు అడగాల్సిన ప్రశ్న అడగకుండా వదిలేసింది. ఇక్కడ కాలు ఆడినన్నాళ్లే అన్నీ బాగుంటాయి. తర్వాత?

మా పక్కింటావిడకి 79 ఏళ్లు, భర్త పోయాక ఒక్కతే. పోయిన అక్టోబర్‌లో ఒక రాత్రి బాత్రూమ్‌లో పడి తుంటి ఎముక విరిగింది, ఫోన్ మంచం మీదుంది. తెల్లవార్లూ చలి టైల్స్ మీదే. పక్కనే గోడ అవతల మేం నిద్రపోతున్నాం, మాకేం తెలీలేదు. పొద్దున్న ఎనిమిదీ పదికి గోల్ఫ్‌కి రాలేదని, మా వారితో ఆడే ముగ్గురూ కార్టులేసుకుని వచ్చి తలుపు కొట్టారు. ఆవిడ 11 ఏళ్లలో ఒక్కసారి కూడా ఆలస్యంగా రాలేదట. ఆవిడ బతికింది వాళ్ల వల్లే. ఈ కాలనీలో మేం కట్టే డబ్బుల్లో నాకు గిట్టుబాటు అయిందనిపించేది అదొక్కటే, రాకపోతే వెతుక్కుంటూ వచ్చే నలుగురు.

కానీ ఆస్పత్రి నుంచి ఆవిడ మళ్లీ ఆ ఇంటికి రాలేదు. రాలేదంటే రాలేకపోయింది. స్నానం చేయించడానికి, నడిపించడానికి ఇక్కడ ఎవరూ ఉండరు, నర్సు లేదు, భోజనం పంపేవాళ్లు లేరు. మనవాళ్లు చాలామంది ఇక్కడే పొరపడుతున్నారు. యాక్టివ్ అడల్ట్ కాలనీ అంటే గోల్ఫ్ ఉన్న మామూలు కాలనీ, ఇంకేం లేదు. చేయి పట్టుకుని చూసుకునేది అసిస్టెడ్ లివింగ్, అది వేరే చోట, వేరే బిల్లు. నేను చూసొచ్చినచోట నెలకి 5,000 డాలర్ల పైన చెప్పారు. 65 దాటాక వచ్చే మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆస్పత్రికీ డాక్టరుకీ ఇస్తుంది, నెలల తరబడి ఇలా చూసుకోవడానికి ఇవ్వదు. పిల్లలు గ్రీన్ కార్డు తెప్పించిన తల్లిదండ్రులకైతే ఆ మెడికేర్ కొనుక్కోవాలన్నా ఐదేళ్లు ఇక్కడ ఉండాలి. ఆవిడ ఇల్లు అమ్మి ఆ డబ్బుతోనే అక్కడ ఉంటోంది. ఆ ఇంట్లోకి 57 ఏళ్ల జంట వచ్చారు, కార్టు కూడా ఇంటితో పాటే కొన్నారు. వెనక సీటు మీద ఆవిడ కట్టిన పసుపు రిబ్బను ఇంకా అలాగే ఉంది.

కార్టు సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. కారు నడపడం మానేసినా కార్టు ఉంది కదా అని ధైర్యం చెబుతారు అమ్మేవాళ్లు. కార్టు గంటకి 20 మైళ్లు దాటదు, మా గేటు దాటితే హైవే, దాని మీదకి పోకూడదు. కిరాణా కొట్టు 6 మైళ్లు, ఆస్పత్రి 14. మా వారు రాత్రిపూట కారు నడపడం ఏడాదిగా మానేశారు, ఎదుటి లైట్లు పగిలినట్టు కనపడుతున్నాయట.

ఇప్పుడు మీ పేపర్లోనే, ఆ వ్యాసం వెనక పేజీలోనే, హైదరాబాద్ శివార్లలో సీనియర్ల కోసం లేక్ వ్యూ, గోల్ఫ్ వ్యూ టౌన్‌షిప్ అని ఫుల్ పేజీ ప్రకటన ఉంది. ముందు పేజీలో తిట్టి వెనక పేజీలో అమ్మడం మీకే చెల్లింది. కొనేవాళ్లకి నేను చెప్పేది చిన్నది. చెరువు పక్కన అంటే ముందు ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు నిండితే నీళ్లు చేరే గీత) ఎక్కడుందో, దాని చుట్టూ ఏమీ కట్టకూడని బఫర్ జోన్‌లో ఉందో లేదో చూసుకోండి, 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఎన్ని కట్టడాలు నేలమట్టం అయ్యాయో మీ పేపరే రాసింది. 18 హోల్స్ గోల్ఫ్ కోర్సుకి వంద ఎకరాల పైనే కావాలి, మేలో దాన్ని ఏ నీళ్లతో తడుపుతారో అడగండి. మాకు శుద్ధి చేసిన మురుగునీళ్లు పైపుల్లో వస్తాయి, తాగొద్దని ఊదారంగు బోర్డులుంటాయి. ఆ తర్వాత, మంచాన పడితే ఎవరు చూస్తారు, ఆ మనిషి మీ జీతం మీద ఉన్నారా, భార్యాభర్తల్లో ఒకరు పోతే నెల ఫీజు సగమవుతుందా, ఇల్లు తిరిగి అమ్ముకోవచ్చా, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. కేంద్రం 2019లో రిటైర్మెంట్ హోమ్స్‌కి మోడల్ గైడ్‌లైన్స్ ఇచ్చింది, అవి చూపించి అడగండి, సేల్స్ కుర్రాడు నీళ్లు నములుతాడు.

ఒక మనవి. ఈ ఉత్తరం వేస్తే నా పేరు వేయకండి. పక్కింటావిడని చూసొచ్చిన రోజే అక్కడి ఆఫీసులో 1,000 డాలర్లు కట్టి వెయిటింగ్ లిస్టులో మా ఇద్దరి పేర్లూ రాయించాను. మా వారికింకా చెప్పలేదు, ఆయన రోజూ కాఫీతో పాటు ఫోన్‌లో మీ పేపరే చదువుతారు. వడియాల దగ్గరికొచ్చేసరికి ఎలాగూ పట్టేస్తారనుకోండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఫ్లోరిడా (సొంతూరు తెనాలి)