కోచింగ్ అంటే నోట్స్ ఇస్తారనుకున్నా

ఎడిటర్ గారికి నమస్కారం,

మా మామగారి కాలం నుంచి మా ఇంటికి మీ పేపరే వస్తోంది, ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి. ఈమధ్య ఫోన్ తెరిస్తే చాలు లైఫ్ కోచ్, మైండ్‌సెట్ కోచ్, కెరీర్ కోచ్ అని యాడ్సే యాడ్స్. నేను పోయినేడాది ఒక కోచ్ దగ్గరికి వెళ్లానని తెలిసి ఆఫీసులో ముగ్గురు అడిగారు అక్కడ అసలు ఏం చేస్తారని. ఇంకెవరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నా, పెద్దదైతే కత్తిరించుకోండి.

మనవాళ్లకి కోచింగ్ అంటే అమీర్‌పేట, ఎంసెట్, గ్రూప్స్. సార్ చెప్తాడు, మనం రాసుకుంటాం. నేనూ అదే అనుకుని రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొనుక్కుని మరీ వెళ్లా. నా బాధేంటంటే, అకౌంట్స్‌లో టీమ్ లీడ్‌ని, కింద ఆరుగురున్నారు, వాళ్లు తప్పు చేస్తే మొహం మీద చెప్పలేక ఆ పనంతా నేనే మళ్లీ చేసుకుని రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరేదాన్ని. ఇదంతా ఏకరువు పెట్టి, పెన్ను క్యాప్ తీసి, ఇప్పుడు చెప్పండి మేడం అన్నా. ఆవిడేం చెప్పలేదు. పోయిన వారం ఇలాంటిది ఒకటి చెప్పండి, ఎవరు, ఏ ఫైలు, మీరేమన్నారు అని అడిగారు. జీఎస్టీ 2బీ స్టేట్‌మెంట్‌తో మా బిల్లులు టాలీ అవ్వని సంగతి చెప్పా. "అప్పుడు మీరు అనాలనుకుని అనలేకపోయిన మాటేంటి?" అన్నారు. నా నోట మాట లేదు. నిమిషం పైనే ఇద్దరం ఊరికే కూర్చున్నాం, ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు, ఈ నిమిషానికి కూడా మీటరు తిరుగుతోంది కదా అని నేను లోపల లెక్కలేసుకుంటున్నా, అకౌంట్స్ బుద్ధి ఎక్కడికి పోతుంది. చివరికి "నువ్వే సరిచేసి సాయంత్రానికి ఇవ్వు" అన్న ముక్క బయటికొచ్చింది. వచ్చే సెషన్ లోపు ఆ మాట ఒక్కరితో ఒక్కసారి అనడమే హోంవర్క్ అన్నారు. నోట్‌బుక్‌లో ఆ రోజు ఎక్కింది ఆ ఒక్క లైనే, అదీ నేను చెప్పిందే.

మా ఆయనైతే నీ గోడు నువ్వే చెప్పుకోడానికి ఎదురు డబ్బులా, మా అమ్మకి చెప్తే ఫ్రీగా వింటుంది కదా అన్నారు. అత్తయ్యగారు వింటారు, నిజమే, తర్వాత బంధువులందరూ వింటారు.

ఈవిడ దగ్గరికి రాకముందు ఒకచోట దెబ్బ తిన్నా. ఫ్రీ వెబినార్ అన్నారు, చివర్లో పన్నెండు సెషన్ల ప్యాకేజీ, ఈ రాత్రి దాటితే రేటు పెరుగుతుందన్నారు, నేను కట్టేశా. మొదటి రెండు సెషన్లూ అక్కడి కోచ్ ఎలా పైకొచ్చాడో ఆయన కథే. డబ్బులు వెనక్కివ్వమంటే నో రిఫండ్ అని అందులోనే ఉంది చూసుకోండి అన్నారు. అందుకే చెప్తున్నా, చాలామంది కోచ్‌లు ముందు ఇరవై ముప్ఫై నిమిషాలు ఫ్రీగా మాట్లాడతారు, ఆ కాల్ మాట్లాడకుండా రూపాయి కట్టకండి. ఎన్ని సెషన్లు, రాలేకపోతే ఏంటి, మధ్యలో మానేస్తే ఏంటి, ఇవన్నీ కాగితం మీద తీసుకోండి. ఫీజు కంపెనీ కడుతుంటే మీరు చెప్పినదాంట్లో హెచ్ఆర్‌కి ఏం చేరుతుందో మొదటిరోజే అడిగేయండి, తర్వాత అనుకుని లాభం లేదు.

క్లినికల్ సైకాలజిస్ట్‌కి రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి కానీ కోచ్ అని బోర్డు పెట్టుకోడానికి మన దేశంలో ఏ లైసెన్సూ అక్కర్లేదు. 1995 నుంచి ఉన్న ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ వాళ్లు కోచ్‌లకి ఇచ్చే సర్టిఫికెట్లలో మూడు మెట్లున్నాయి, ఏసీసీకి కనీసం 60 గంటల ట్రైనింగ్, 100 గంటల కోచింగ్ అనుభవం, పీసీసీకి 125, 500, ఎంసీసీకైతే 200, 2500. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన మంచి కోచ్ అని కాదు, కానీ వీకెండ్‌లో కోర్సు చేసొచ్చినవాళ్లెవరో తేలిపోతుంది.

ఇంకో సంగతి. రోజులతరబడి నిద్ర పట్టట్లేదు, ఏడుపు ఆగట్లేదు, బతకాలని లేదు అనిపిస్తే అది కోచ్ పని కాదు, డాక్టర్ పని, మంచి కోచ్ అయితే ఆ మాట తనే చెప్తారు. ప్రభుత్వం వాళ్ల టెలి మానస్ హెల్ప్‌లైన్ ఉంది, 14416, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నాకు మూడో సెషన్‌కి ఇదంతా దండగ అనిపించింది, ఆ మాటే ఆవిడతో అంటే, చూశారా మొహం మీద చెప్పేశారు అని నవ్వారు. ఆరు సెషన్లతో ఆపేశా. ఇప్పుడు ఏడున్నరకి ఇంట్లో ఉంటున్నా, క్వార్టర్ ఎండింగ్‌లో తప్ప.

మీ పేపర్లో కూడా ఈ యాడ్స్ వస్తున్నాయి, వేసుకోండి, తప్పులేదు. రిఫండ్ ఉందో లేదో ఆ యాడ్‌లోనే వెయ్యమని వాళ్లకి చెప్పగలరా?

ఇట్లు
ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్