వేరే బండి బాకీ మన నెత్తిన

సంపాదకులకు,

విజయనగరం, శ్రీకాకుళంలో ప్రైవేటు పార్కింగు రుసుము తప్పు బండికి పడడానికి మూలం నంబరు నమోదు చేసే తీరులోనే ఉంది. రద్దీలో చివరి నాలుగంకెలే మిషనులో కొడితే, ఆ నాలుగూ ప్రతి సిరీసులోనూ ఉంటాయి. పైగా పాత ఏపీ 30 (శ్రీకాకుళం), ఏపీ 35 (విజయనగరం) బళ్ల పక్కన 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. బురద పట్టిన ప్లేటు మీద 30కీ 39కీ తేడా ఏం కనిపిస్తుంది?

‘పోనీ, వంద రూపాయలే కదా’ అని కట్టేయొద్దు. కడితే ఒప్పుకున్నారంటారు. బండి వచ్చిన, వెళ్లిన సమయాలు, పూర్తి నంబరు కనిపించే ఫొటో రాతపూర్వకంగా అడగండి. ఫొటోలోని రంగు, మోడలు ఆర్‌సీతో పోల్చండి. చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి. నంబరు మీదే, బండి మాత్రం మీది కాదంటే అది దొంగ ప్లేటు. ఆ రోజే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి.

అభ్యంతరం కాంట్రాక్టరుకు ఒక్కడికే ఇస్తే బుట్టదాఖలే. స్థలం లీజుకిచ్చిన మున్సిపాలిటీకో, ఆర్టీసీకో, రైల్వేకో రిజిస్టర్డు పోస్టులో ప్రతి పంపాలి. ఫాస్టాగ్‌లో కోత పడితే ట్యాగ్ ఇచ్చిన బ్యాంకును అడగాలి.

మోటారు వాహనాల చట్టం కింద చలానా రాసే అధికారం పోలీసు, రవాణా అధికారులది. స్టాండు గుమాస్తాది కాదు. మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల వరకైతే కేసుకు ఫీజు లేదు.

లీజు ఒప్పందాల్లోనే పూర్తి నంబరు, ఫొటో లేని రసీదు చెల్లదని అధికారులు రాయించాలి.

– ఒక వాహనదారు, విజయనగరం