తాగుడు మానేవారి ప్రాణాలకు భరోసా ఇవ్వండి: వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారం.

రెండు అర్జీలకు జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

మా బాబాయి గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. ఇరవై ఏళ్లుగా రోజూ తాగే మనిషి, కూతురి పెళ్లి కోసం మానేస్తానన్నాడు. ఒక డాక్టరు గారు పదిహేను రోజులకు సరిపడా, తాగుడు మానేటప్పుడు ఫిట్స్ రాకుండా వాడే క్లోర్‌డయజెపాక్సైడ్ మాత్రలు ఒకేసారి రాసిచ్చారు. ఇదివరకు ఫిట్స్ వచ్చాయా, లివర్ ఎలా ఉంది, ఇంట్లో ఎవరు చూసుకుంటారు అని అడగలేదు. ఎప్పుడెన్ని వేసుకోవాలో సరిగా చెప్పలేదు. బాబాయి భయపడి రోజుకు ఒకటే వేసుకున్నాడు. రెండో రాత్రి ఫిట్స్ వచ్చాయి. మూడో రోజు గోడ మీద పాములున్నాయని అరిచాడు, పిన్నిని గుర్తుపట్టలేదు. బతికాడు గానీ, పెళ్లి నాటికి ఇంకా ఐసీయూలోనే ఉన్నాడు.

ఈ ప్రమాదం ముందే తెలిసినదే. తాగుడు ఆపిన తొలి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత మతిభ్రమ రావచ్చు. మాత్రల మీద మళ్లీ తాగితే ఊపిరే ఆగిపోవచ్చు. అయినా చాలామందికి ఇంటి దగ్గరే వైద్యం చేయవచ్చు. రోజూ చూడాలి, వారం పది రోజుల్లో మోతాదు తగ్గిస్తూ ఆపాలి, థయామిన్ (బి1 విటమిన్) ఇవ్వాలి. ఇదివరకు ఫిట్స్ వచ్చినవారిని మాత్రం ఆసుపత్రిలోనే ఉంచాలి.

ప్రతి పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఒక డాక్టరుకు ఈ వైద్యంలో శిక్షణ ఇప్పించండి. మాత్రలు ఒకటి రెండు రోజులకు మించి ఒకేసారి ఇవ్వకుండా, తొలి వారం నర్సు రోజూ చూసేలా ఉత్తర్వులివ్వండి. 30 రోజుల్లో రాతపూర్వక జవాబు కోరుతున్నాను.

ఇట్లు,
గుంటూరు వాసి