పనసాకు రంగు గోడ

శ్రీకాకుళం,
కార్తీక మాసం.

చిరంజీవి బాబుకి,

అమ్మ ఆశీస్సులు. అమ్మాయీ, పాపా ఎలగున్నారు? హాలు నాలుగు గోడలకీ ముదురు ఆకుపచ్చ వేయించాలనుకుంటున్నామని, అదీ సంక్రాంతిలోగా అయిపోవాలని రాశావు. రంగు మంచిదే, అదునే బాలేదు. పండగ ముందు విజయనగరంలో ఏ పెయింటరూ ఖాళీగా ఉండడు. దొరికినవాడు ఒకేసారి మూడిళ్లు ఒప్పుకుని, మీ గోడ సగం వేసి పక్క వీధికి పోతాడు. లేత రంగులో సగంలో ఆపినా తెలీదు గానీ, ముదురు ఆకుపచ్చలో ఆపిన చోట గీత పడితే మళ్లీ గోడంతా వేసినా ఒక్కోసారి పోదు. పైగా తుఫాను వానల తడి ఇంకా గోడల్లోనే ఉంటుంది. పండగ వెళ్లాక, జనవరి చివర్నించి మార్చి లోపల పెట్టుకోండి.

నాలుగు గోడలూ వద్దు, ఒక్కటి చాలు. కిటికీ ఉన్న గోడకి మాత్రం వేయకండి. వెలుతురు కళ్లలో పడి, పగలు కూడా ఆకుపచ్చ కాస్తా నల్లగా కనిపిస్తుంది. కిటికీ పక్క గోడ మీద వెలుతురు ఏటవాలుగా పడి ప్రతి ఎత్తూపల్లం తేలుతుంది. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ ఎంచుకోండి. ఇంటి బయట, అందులో పడమటి వైపు, ఈ రంగు ఊసే ఎత్తొద్దు. ముదురు రంగు ఎండని లాగి గోడని వేడెక్కిస్తుంది, బేగి వెలుస్తుంది కూడా.

ముదురు ఆకుపచ్చ అంటే ఒక్కటి కాదు. సీసాపచ్చలో నీలం దాగి ఉంటుంది, పాచిరంగులో పసుపు, బూడిద కలిసుంటాయి. మన ఉద్దానం పనసాకు ముదిరినప్పటి రంగు ఉందే, అందులో పసుపు వంతు కాస్త ఎక్కువ. మీ తెల్ల టైల్స్‌కీ, టేకు తలుపుకీ అదే నప్పుతుందని నా లెక్క. షేడ్ కార్డు మీద గోరంత ముక్క చూసి తేల్చేయకండి. చిన్న శాంపిల్ డబ్బా తెచ్చి, రెండడుగుల అట్టముక్క మీద రెండు కోట్లు వేసి, గోడకి ఆనించి పొద్దున్న, సాయంత్రం నాలుగింటికి, రాత్రి దీపం కింద చూడండి. రాత్రి చూపు ముఖ్యం. మనిళ్లలో ఉండేవి ఎక్కువగా 6500 కెల్విన్ తెల్ల ట్యూబులైట్లు, వాటి కింద ఈ రంగు చల్లబడి నీలంగా, ప్రాణం లేనట్టు ఉంటుంది. ఆ గోడ వైపు 3000 కెల్విన్ వార్మ్ వైట్ బల్బులు రెండు పెడితే అదే రంగు వేరేలా కనిపిస్తుంది. బల్బులు మార్చే ఉద్దేశం లేకపోతే ఈ రంగు మానేయడమే మేలు.

ఇప్పుడు గోడ సంగతి. ఇదే అసలు పని, రంగు దీని తర్వాతే. తెల్ల గోడ మీద చెమ్మ వస్తే మరకలా ఉంటుంది, ఆకుపచ్చ గోడ మీద ఉప్పు తేలితే సున్నం చల్లినట్టు దూరానికే తెలుస్తుంది. అందుకని ముందు పరీక్ష చెయ్యి. రెండడుగుల చదరం దళసరి పాలిథిన్ కాగితం గోడకి పెట్టి, నాలుగంచులూ గాలి చొరకుండా టేపు అంటించి ఒక రోజు ఉంచు. గోడ వైపు తడి పడితే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు, గది వైపు పడితే అది గాలిలో తేమ. నేల నుంచి మూడడుగుల లోపల ఒకటి, పైన ఒకటి, రెండు చోట్లా చూడు. మీ ఆ గోడ వెనక బాత్రూం ఉంది కాబట్టి కుళాయి పైపు ఎత్తున కూడా ఒకటి పెట్టు.

తడి ఉంటే ముందు లీకు ఆపాలి. తర్వాత చెమ్మ గీత కంటే ఒక అడుగు పై వరకు పాత సిమెంటు పూత చెక్కేసి, 50 కిలోల సిమెంటు బస్తాకి 200 మి.లీ. లెక్కన వాటర్‌ప్రూఫింగ్ ద్రవం కలిపి మళ్లీ పూయించాలి. కొత్త పూత ఆరడానికి కనీసం 28 రోజులు ఇవ్వాలి. తేలిన ఉప్పుని పొడి బ్రష్‌తోనే దులపాలి. నీళ్లు పోసి కడిగితే అది కరిగి మళ్లీ గోడలోకే ఇంకి, ఆరాక మళ్లీ తేలుతుంది. ఈ తప్పు చాలామంది చేస్తారు.

పాత సున్నం వెల్ల ఎక్కడున్నా, చెయ్యి రాస్తే తెల్లగా అంటుతుంటే, పూర్తిగా గోకించాలి. దాని మీద వేసిన ఎమల్షన్, అంటే నీళ్లు కలిపి వేసే గోడ రంగు, పొరలుగా లేచిపోతుంది. (వెల్లలోనే రంగు కలిపి ముదురు ఆకుపచ్చ తెప్పిస్తానని ఎవరైనా అంటే నమ్మకు. సున్నం ఆరే కొద్దీ తెల్లబడుతుంది, ఎక్కువ రంగు పొడి పట్టదు కూడా.)

ఆ తర్వాత గోడ నున్నబడడానికి వైట్ సిమెంట్ పుట్టీ రెండు పూతలు, రెండూ కలిపి మిల్లీమీటరున్నర మించకుండా. మీది 14 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, అంటే 140 చదరపు అడుగులు. 10 నుంచి 15 కిలోల వరకు పడుతుంది. కలిపిన పుట్టీ రెండు గంటల్లో వాడెయ్యాలి, గట్టిపడ్డాక నీళ్లు పోసి మెత్తబరచనివ్వకు. 180 నంబరు ఎమెరీ కాగితంతో, ఆపైన 320తో రుద్దించు. రాత్రి లైట్లార్పి టార్చి గోడకి ఆనించి వెలిగిస్తే ప్రతి గంటు నీడ వేస్తుంది. పెన్సిల్‌తో సున్నా చుట్టి పొద్దున్న పెయింటరుకి చూపించు.

కిటికీ రెక్కలూ, ఊచలూ గోకే విషయం జాగ్రత్త. ఇల్లు పాతది, వాటి మీద పాత ఆకుపచ్చ ఎనామెల్ (నూనె రంగు) ఉంది. పాత కాలం ఆకుపచ్చ ఎనామెల్స్‌లో సీసం ఉన్న క్రోమ్ రంగు కలపడం మామూలే. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. పొడిగా రుద్దించకు, మంటతో కాల్పించకు. వాటర్ పేపర్‌తో (నీళ్లలో తడిపి వాడే ఎమెరీ) తడిపి రుద్దించి, కింద ప్లాస్టిక్ పరిచి, ఆ మురికిని చీపురుతో కాకుండా తడిగుడ్డతో తీయించు. ఆ పని జరిగే రెండ్రోజులూ పాపని ఇక్కడికి పంపెయ్.

ప్రైమరు, అంటే రంగు కింద వేసే మొదటి కోటు, తెల్లగా వెయ్యొద్దు. ముదురు రంగులు కలిపే బేసులో (కొట్లో రంగు కలపడానికి వాడే మూల పెయింటు) తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్ చాలా తక్కువ ఉంటుంది, గోడని కప్పే గుణం దానిదే. అందుకే తెల్ల ప్రైమరు మీద ఈ రంగు మూడు కోట్లేసినా అడుగు తెలుపు తొంగిచూస్తుంది. వాటర్ ప్రైమరు ఒక లీటరు చాలు, కొట్లో మెషీన్ మీద మధ్యస్థం బూడిదరంగు కలిపించు. మెషీన్ కుదరకపోతే నల్ల స్టెయినర్ (రంగు కలిపే చిక్కటి ద్రవం) లీటరుకి 20 మి.లీ. మించకుండా కలపండి. అదే స్టెయినర్ తెల్ల ఎమల్షన్‌లో గుమ్మరించి ముదురు ఆకుపచ్చ చేసిస్తానంటే మాత్రం ఒప్పుకోకు. అది సరిగా ఆరదు, గోడకి ఆనుకున్న చొక్కాకి అంటుతుంది.

రంగు నున్నటి గోడకి లీటరు ఒక కోటుకి 200 చదరపు అడుగుల దాకా వస్తుంది. మూడు కోట్లంటే రెండు లీటర్ల పైచిలుకు, మరమ్మతుకి కొంత కలిపి లీటరు డబ్బాలు మూడు ఒకేసారి తెచ్చి, ఒక పెద్ద బకెట్‌లో కలిపేసుకోండి. డబ్బాకీ డబ్బాకీ వెంట్రుకవాసి తేడా ఉన్నా గోడ మధ్యలో బయటపడుతుంది. పూర్తి మ్యాట్ చూడ్డానికి పట్టులా ఉంటుంది గానీ, చెయ్యి రాసిన చోటల్లా మెరుపు పడుతుంది. స్విచ్‌బోర్డు ఉన్న గోడకి కొద్దిపాటి మెరుపున్న సాఫ్ట్ షీన్ తీసుకోండి.

వేసే రోజు ఫ్యాను ఆపాలి. పెయింటరు ఉక్కపోతని విసుక్కుంటాడు, అయినా ఆపించు. గాలికి అంచు ఆరిపోతే పక్క పట్టీ దాని మీద ఎక్కి గీత పడుతుంది. అంచులు ముందు రెండంగుళాల బ్రష్‌తో వేసి, అవి తడిగా ఉండగానే తొమ్మిదంగుళాల రోలరు అందుకోవాలి. చివరి లాగుడు అంతా పైనుంచి కిందికే. నీళ్లు డబ్బా మీద రాసినంతే, కంటి అంచనాతో కాదు, కొలత మగ్గుతో. కోటుకీ కోటుకీ నాలుగు నుంచి ఆరు గంటలు, ముసురుంటే మర్నాడే. సీలింగు అంచున వేసిన మాస్కింగ్ టేపు ఆఖరి కోటు పూర్తిగా ఆరకముందే లాగాలి, లేకపోతే రంగు పొర కూడా ఊడొస్తుంది.

క్యాలెండరు, గడియారం, ఫొటోల మేకులు ఎక్కడో ముందే తేల్చుకుని, పుట్టీకి ముందే కన్నాలు పెట్టించు. ఈ గోడ మీద పీకిన ప్రతి మేకూ తెల్ల చుక్కై మిగులుతుంది. మరమ్మతు రంగు బ్రష్‌తో అద్దితే మచ్చలా తేలుతుంది, చిన్న రోలరుతో పల్చగా వెయ్యాలి, పెద్ద మచ్చైతే మూల నుంచి మూలకి గోడంతా వెయ్యాల్సిందే. మిగిలిన రంగు గాజు సీసాలో మూతి దాకా నింపి, షేడ్ కోడూ, బేసు పేరూ రాసి పెట్టు. నెల దాకా గోడకి తడిగుడ్డ పెట్టొద్దు. సోఫా గోడకి నాలుగంగుళాలు ఎడంగా ఉంచితే వానాకాలం వెనక బూజు పట్టదు.

కర్టెన్లకి రంగుల గోల వద్దని అమ్మాయికి చెప్పు. పొందూరు ఖద్దరు, ఆ పాలమీగడ తెలుపు, చాలు. బుడితి ఇత్తడి చెంబు ఒకటి ఆ గోడ ముందు పెడితే ఇంకే అలంకారమూ అక్కర్లేదు. గడపకి పసుపు రాసేటప్పుడు పక్క గోడ అంచుకి కాగితం అడ్డం పెట్టమను.

పాలిథిన్ పరీక్ష ఈ ఆదివారమే చేసి, ఏ చోట ఏ వైపు తడి పట్టిందో రాయి. కుళాయి పైపు ఎత్తున గోడ వైపు పట్టిందంటే పెయింటరుని తర్వాత చూద్దాం, ముందు ప్లంబరుని పిలవాలి.

ఇట్లు,
అమ్మ